విమానంలో ఒక ఇంజిన్ ఆగితే పైలట్లు చేసే పనిని ఇంట్లో సాధన చేయడం ఎలా

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల నుంచి పైలట్ శిక్షణకు సిద్ధమవుతున్న యువతీయువకులు నన్ను పదేపదే ఒకే ప్రశ్న అడుగుతున్నారు. గాలిలో ఉండగా ఇంజిన్ ఆగిపోతే కాక్‌పిట్‌లో ఉన్న ఇద్దరూ ఏ వరుసలో ఏం చేస్తారు, ఆ వరుసను శిక్షణ కేంద్రానికి వెళ్లక ముందే ఎలా అలవాటు చేసుకోవాలి అన్నది ఆ ప్రశ్న. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసి పెడుతున్నాను. పర్లాకిమిడికి తిరిగి రాక ముందు నేను ఒక సిమ్యులేటర్ శిక్షణ కేంద్రంలో పద్దెనిమిదేళ్లు పనిచేశాను. అక్కడ పరీక్ష తప్పినవారిలో పని రాక తప్పినవారు కొద్దిమందే. వచ్చిన పనిని తొందరగా చేయబోయి తప్పినవారే ఎక్కువ. అందువల్ల కింది సాధనలో సగం, చేతిని ఎక్కడ ఆపాలో నేర్చుకోవడమే.

ఇక్కడ చెప్పేది ఎయిర్‌బస్ ఏ320 వంటి రెండు ఇంజిన్ల జెట్ విమానం గురించి. జయపురం రన్‌వే మీద దిగే కారవాన్ వంటి చిన్న విమానానికి ఉన్నదే ఒక ఇంజిన్ కాబట్టి దాని పద్ధతి పూర్తిగా వేరు.

సిద్ధాంతం ఒక్క పేరాతో సరిపెడతాను. రెండు ఇంజిన్ల జెట్ విమానం ఒక ఇంజిన్‌తో ఎగరగలదు, పైకి ఎక్కగలదు, మామూలుగా దిగగలదు. రెండూ ఆగినా రాయిలా పడిపోదు, జారుతూ చాలా దూరం వెళ్తుంది. 2001 ఆగస్టు 24న ఇంధనం కారిపోయి రెండు ఇంజిన్లూ ఆగిన ఎయిర్ ట్రాన్సాట్ ఏ330 అట్లాంటిక్ మీద జారుతూ వెళ్లి అజోర్స్ దీవుల్లో దిగింది, అందులోని 306 మందీ బతికారు. కనుక ఒక ఇంజిన్ ఆగినప్పుడు పైలట్ల దగ్గర లేనిది సమయం కాదు. ఈ మాట నమ్మినవారికే మిగతాది ఉపయోగపడుతుంది.

కావలసినవి

ఇద్దరు మనుషులు కావాలి. ఒక్కరే చేస్తే ఇందులో ముఖ్యమైన భాగమే ఉండదు. పక్కపక్కనే ఒకే వైపు చూసే రెండు కుర్చీలు, వాటి మధ్య ఒక ఎత్తు పీట, పీట మీద ఒక చెప్పుల పెట్టె పెట్టుకోండి. పెట్టె మూతకు రెండు చీలికలు కోసి రెండు చెక్క గరిటెలు నిలబెడితే అవే మీ థ్రస్ట్ లివర్లు, అంటే ఇంజిన్ల తోపును (థ్రస్ట్) పెంచే, తగ్గించే మీటలు. వాటి మీద 1, 2 అని రాయండి. వాటి వెనుక నిలబెట్టిన రెండు అగ్గిపెట్టెలు ఇంజిన్‌ను పూర్తిగా ఆపే మాస్టర్ స్విచ్‌లు. తలకు పైన అందేంత ఎత్తులో ఒక అట్టముక్క కట్టి, దాని మీద అంటించిన రెండు ఎర్ర కాగితం ముక్కలను ఫైర్ బటన్లు అనుకోండి. కాక్‌పిట్ బొమ్మను ఫ్లెక్సీ షాపులో పెద్దదిగా అచ్చు వేయించి ఎదురుగా గోడకు తగిలించుకుంటే ఇంకా మంచిది. మా ఇంట్లో గరిటెలు పోయాయని మూడు రోజులు వెతికిన తరువాత విషయం బయటపడింది. మీరు మాత్రం ముందుగానే అడిగి తీసుకోండి.

వీటితో పాటు వీడియో తీయడానికి ఒక ఫోను, మోగేటట్లు పెట్టుకునే ఒక గడియారం, సిమ్యులేటర్ ఆడేవారి కోసం తయారైన ఏ320 క్యూఆర్‌హెచ్ (లోపాలు వచ్చినప్పుడు చూసే చెక్‌లిస్ట్‌ల పుస్తకం) ప్రతి, ఒక పటం ఉండాలి. విమానాశ్రయాల పటాలు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ప్రచురించే ఏఐపీ అనే విమానయాన సమాచార సంపుటిలో ఉచితంగానే దొరుకుతాయి. కంప్యూటర్ ఉంటే ఎక్స్-ప్లేన్‌లోని 737తో గాని, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఉచితంగా వేసుకునే ఫ్లైబైవైర్ ఏ320తో గాని ఇదే సాధన చేయవచ్చు. రెండింటిలోనూ ఇంజిన్ వైఫల్యాన్ని ముందే అమర్చుకునే వీలుంది. అయినా మొదటి రెండు వారాలు గరిటెలతోనే చేయండి. తెర ముందు కూర్చుంటే కళ్లు బొమ్మలకు అతుక్కుపోయి నోరు మూగబోతుంది.

ముందుగా రెండు హెచ్చరికలు. మొదటిది, ఇది అలవాటు కోసమే. రేపు మీరు చేరే సంస్థ రాసి ఇచ్చిన పద్ధతికీ దీనికీ తేడా వస్తే సంస్థ పద్ధతే సరైనది. రెండవది, పనిచేసే రేడియో సెట్టు ఉన్న గదిలో ‘మేడే’ (ప్రాణాపాయంలో ఉన్నామని చెప్పే పిలుపు) అని సాధన చేయకండి. పొరపాటున మీట నొక్కుకుపోతే ఆ పిలుపు ఎక్కడో ఒకరి చెవిన పడుతుంది, వారు దానిని నిజమనే తీసుకుంటారు.

సాధన క్రమం

1. పాత్రలు పంచుకోండి. ఒకరు విమానం నడిపే పైలట్, మరొకరు గమనించే పైలట్. శిక్షణలో వీరిని పీఎఫ్, పీఎం అంటారు. కెప్టెన్ ఎవరన్నది వేరే సంగతి. కో-పైలట్ కూడా పీఎఫ్‌గా ఉండవచ్చు. పాత్రలను పైకి చెప్పి మొదలు పెట్టండి.

2. సన్నివేశం నిర్ణయించుకోండి. మొదటి సాధనకు నేను ఇచ్చేది ఇది: భువనేశ్వర్ నుంచి హైదరాబాదు వెళ్తున్న ఏ320, 30,000 అడుగుల ఎత్తు, పగటివేళ, వాతావరణం బాగుంది. ఆ రెండు ఊర్ల మధ్య పటం మీద సూటిగా గీత గీస్తే అది రాయగడ, జయపురాల దగ్గరగానే పోతుంది. విమానం రాయగడ మీద ఉండగా ఒకటో ఇంజిన్ ఆగిందనుకోండి. మన ఊరి మీద ఆగిందని అనుకున్నప్పుడు దూరాలు, దిక్కులు, కొండలు కళ్ల ముందు కనబడతాయి. తెలియని దేశపు పటంతో చేస్తే అంకెలు మాత్రమే మిగులుతాయి.

3. గడియారాన్ని ఐదు నుంచి పదిహేను నిమిషాల మధ్య ఎప్పుడో మోగేటట్లు మూడో మనిషి చేత పెట్టించండి. అది మోగే వరకు మామూలు ప్రయాణం సాగుతున్నట్టే మాట్లాడుకోండి. మోగగానే పీఎం తెర మీద వచ్చిన హెచ్చరిక శీర్షికను ఉన్నది ఉన్నట్టు చదవాలి: “ఇంజిన్ వన్ ఫెయిల్.” దానికి ముందు “అయ్యో” గాని, తరువాత సొంత వ్యాఖ్య గాని ఉండకూడదు.

4. ముందు విమానాన్ని నడపండి. పీఎఫ్ “ఐ హ్యావ్ కంట్రోల్” అని చెప్పి, రెండు గరిటెలనూ గరిష్ఠ నిరంతర థ్రస్ట్ దగ్గరకు తోసి, ఆటోథ్రస్ట్ (తోపును తనంతట తానే సర్దే ఏర్పాటు) తీసేసి, ఆటోపైలట్ పట్టి ఉందో లేదో చూసి, వేగం ఎంతో పైకి చెప్పాలి. ఒక ఇంజిన్‌తో 30,000 అడుగుల ఎత్తు సాధారణంగా నిలవదు. వేగం మెల్లగా తగ్గుతూ ఉంటుంది కనుక, ఏ ఎత్తు నిలుస్తుందో విమానపు కంప్యూటర్‌లో చూసి, కంట్రోలర్‌కు చెప్పి, అక్కడికి దిగాలి. ఆ ఎత్తు బరువును బట్టి మారుతుంది, ఏ320కి సుమారుగా ఇరవై వేల అడుగులు లేదా అంతకన్నా పైన ఉంటుంది. కింద కొండలు తగులుతాయేమోనని మా దగ్గర ప్రతి కొత్త జంటా భయపడుతుంది. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి 1,672 మీటర్లు, అంటే సుమారు 5,500 అడుగులు. మన మహేంద్రగిరి దానికంటే తక్కువ, 1,501 మీటర్లు. అంకెలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఆ భయం అక్కడితో పోతుంది. హిమాలయాల మీద అయితే ఇదే ప్రశ్నకు జవాబు వేరుగా ఉంటుంది.

5. ఏ ఇంజిన్‌కు ఏమైందో కొలతలతో తేల్చండి. పీఎం రెండు ఇంజిన్ల అంకెలనూ జంటగా చదవాలి: ఎన్ వన్ (ముందున్న ఫ్యాన్ తిరిగే వేగం), ఈజీటీ (బయటికి వచ్చే వాయువుల వేడి), ఎన్ టూ (లోపలి భాగం తిరిగే వేగం), ఇంధన ప్రవాహం, ఆయిల్, కంపనం. అన్నీ కలిసి పడిపోతే ఇంజిన్ ఆరిపోయింది. పెద్ద చప్పుళ్లతో ఈజీటీ పెరుగుతుంటే కంప్రెసర్ స్టాల్ (లోపల గాలి ప్రవాహం చెదరడం) కావచ్చు, అప్పుడు లివర్ తగ్గించగానే కొన్నిసార్లు సర్దుకుంటుంది. భారీ చప్పుడు వచ్చి, కంపనం పెరిగి, ఎన్ వన్ గాని ఎన్ టూ గాని సున్నా చూపుతుంటే లోపల ఏదో విరిగింది. విరిగిన ఇంజిన్‌ను మళ్లీ వెలిగించే ఆలోచన చేయకూడదు. ఆరిపోయినది మాత్రమే, దెబ్బతిన్న గుర్తులు లేకపోతే, చెక్‌లిస్ట్ చూసి వెలిగించడానికి ప్రయత్నించవచ్చు.

6. ఇప్పుడు చేతులు. ఈ సాధన అంతటికీ ఇదే గుండెకాయ కనుక నిదానంగా చదవండి. చెక్‌లిస్ట్ ఒకటో థ్రస్ట్ లివర్‌ను ఐడిల్‌కు, అంటే అతి తక్కువ తోపు స్థానానికి, తెమ్మంటుంది. పీఎం ఆ పంక్తిని చదువుతాడు. పీఎఫ్ ఒకటో గరిటె మీద చెయ్యి వేసి, కదపకుండా, “థ్రస్ట్ లివర్ వన్, కన్ఫర్మ్?” అని అడుగుతాడు. పీఎం గరిటె మీది అంకెనూ చెడిన ఇంజిన్ కొలతలనూ కళ్లతో చూసి, అప్పుడు “కన్ఫర్మ్” అనాలి. ఆ తరువాతే గరిటె కదలాలి. వెలగకపోతే తరువాతది మాస్టర్ స్విచ్. ఈసారి చెయ్యి పీఎంది, చూసేది పీఎఫ్. ఫైర్ బటన్ నొక్కవలసి వచ్చినా ఇదే వరుస. ఒకరి చెయ్యి, ఇద్దరి కళ్లు, మధ్యలో ఒక మాట.

ఇంత తతంగం ఎందుకని అడిగేవారికి రెండు తేదీలు చెబుతాను. 1989 జనవరి 8న బ్రిటిష్ మిడ్‌ల్యాండ్ 737-400 విమానంలో ఎడమ ఇంజిన్ ఫ్యాన్ రెక్క విరిగితే పైలట్లు కుడి ఇంజిన్‌ను ఆపేశారు. కుడిది తగ్గించగానే కంపనం, పొగ తగ్గినట్టు అనిపించడంతో తాము చేసినది సరైనదేననుకున్నారు. విమానం ఇంగ్లండ్‌లోని కెగ్‌వర్త్ దగ్గర రన్‌వేకు కొద్ది దూరంలో కూలింది. 126 మందిలో 47 మంది చనిపోయారు. ఎడమవైపు నిప్పులు కనబడ్డాయని కేబిన్‌లో కొందరికి తెలుసు, ఆ మాట కాక్‌పిట్‌కు చేరలేదు. 2015 ఫిబ్రవరి 4న తైపేలో ట్రాన్స్‌ఏషియా ఏటీఆర్ 72 పైకి లేచిన కొద్దిసేపటికే రెండో ఇంజిన్ శక్తి పోయింది. కెప్టెన్ ఒకటో ఇంజిన్ లివర్‌ను వెనక్కు లాగి దాన్ని ఆపేశాడు. 58 మందిలో 43 మంది పోయారు. రెండు చోట్లా బాగున్న ఇంజిన్ ఒకటి చివరి దాకా పనిచేయడానికి సిద్ధంగానే ఉంది.

మా మేడ మీద సాధన చేసే జంటలో ఒకరు నా మేనల్లుడు, మరొకరు పక్కింటి ఒడియా అమ్మాయి. వాడు పీఎంగా ఉన్నప్పుడు చేయి అగ్గిపెట్టె మీద పడడం, అది వెనక్కు పడిపోవడం ఒకేసారి జరిగేవి. ఆమె “రుహ, రుహ” (ఒడియాలో ఆగు, ఆగు) అనే లోపే ఇంజిన్ ఆగిపోయేది. నాలుగో రోజు ఆ అగ్గిపెట్టె పైన ఒక రూపాయి బిళ్ల నిలబెట్టమన్నాను. వేలు తగిలినా బిళ్ల పడకూడదు, “కన్ఫర్మ్” విన్నాకే పడాలి. వారం తిరిగేసరికి చేయి ఆగడం మొదలైంది. ఆమెకు చెప్పినది వేరు: ఆపవలసి వస్తే “రుహ” కాదు, “నాట్ కన్ఫర్మ్‌డ్” అనాలి. రేపు పక్క సీటులో ఉండే మనిషికి ఒడియా గాని తెలుగు గాని రాకపోవచ్చు.

7. మంట హెచ్చరిక వస్తే చేసే మార్పు చిన్నదే. లివర్ ఐడిల్, మాస్టర్ ఆఫ్, ఫైర్ బటన్ నొక్కడం, ఆ తరువాత పది సెకన్లు ఆగి మొదటి ఆర్పే సీసా వదలడం. ఇంజిన్ తిరగడం తగ్గి లోపలి గాలి నెమ్మదిస్తే ఆర్పే పదార్థం కొట్టుకుపోకుండా నిలుస్తుంది, పది సెకన్లు అందుకే. ముప్పై సెకన్ల తరువాత కూడా మంట హెచ్చరిక ఉంటే రెండో సీసా. ఈ పదీ ముప్పైలను మనసులో లెక్కపెట్టకండి, గడియారం చూడండి. గాబరాలో మనిషి లెక్కపెట్టే పది సెకన్లు నాలుగైదుకు మించవని నా అనుభవం.

8. అప్పుడు రేడియో. ఒక ఇంజిన్ ఆగి విమానం అదుపులో ఉంటే “పాన్ పాన్” (మేడే కన్నా ఒక మెట్టు తక్కువ పిలుపు) మూడుసార్లు, మంట ఉన్నా నష్టం ఎంతో తెలియకపోయినా “మేడే” మూడుసార్లు అనడం సాధారణ పద్ధతి. ప్రతి ఇంజిన్ వైఫల్యానికీ మేడే చెప్పమనే సంస్థలూ ఉన్నాయి. తరువాత విమానం పేరు, ఏం జరిగింది, ఏం చేయదలచారు, ఎక్కడ ఎంత ఎత్తులో ఉన్నారు, ఎందరున్నారు, ఇంధనం ఎంతసేపటికి ఉంది అని వరుసగా చెప్పండి. కంట్రోలర్ మధ్యలో ప్రశ్నలు వేస్తే “స్టాండ్‌బై” అనే హక్కు మీకుంది. కొత్తవారు దాన్ని మరచిపోయి చెక్‌లిస్ట్ వదిలేసి జవాబులు చెబుతుంటారు.

9. ఎక్కడ దిగాలో నిర్ణయించండి. రాయగడ దగ్గర నుంచి సూటి దూరాలు కొలిస్తే విశాఖపట్నం సుమారు 160 కిలోమీటర్లు, భువనేశ్వర్, రాయపూర్ ఒక్కొక్కటి సుమారు 280. మా దగ్గర మొదటిసారి చేసిన జంటలు దాదాపు అన్నీ జయపురం అన్నాయి, ఎందుకంటే అది పటంలో పక్కనే కనబడుతుంది. అక్కడి రన్‌వే చిన్న విమానాలకు సరిపోయేది, ఏ320కి పనికిరాదు. దగ్గర అన్న ఒక్క గుణం చాలదు. రన్‌వే పొడవు, వాతావరణం, అగ్నిమాపక సదుపాయం, మీకు తెలిసిన విధానం ఇవన్నీ చూడాలి. విశాఖది చుట్టూ కొండలున్న, నౌకాదళం నడిపే క్షేత్రం. అయినా ఏ320లు రోజూ దిగే చోటు, కాబట్టి మంచి వాతావరణంలో నేను దాన్నే ఎంచుకుంటాను. మేఘాలు కిందికి దిగిన రోజున భువనేశ్వర్ వైపు తిరిగినవారిని తప్పుపట్టను.

ఎత్తు లెక్క కూడా ఇక్కడే చూసుకోండి. వెయ్యి అడుగులు దిగడానికి సుమారు మూడు నాటికల్ మైళ్లు కావాలన్నది పైలట్ల ముతక లెక్క. 30,000 అడుగులకు తొంభై మైళ్లు కావాలి, విశాఖ ఉన్నది సుమారు ఎనభై ఏడు మైళ్ల దూరంలో. అంటే వెంటనే దిగడం మొదలుపెట్టినా దూరం కొంచెం తక్కువే పడుతుంది, చెక్‌లిస్ట్ పూర్తికాకపోతే ఇంకా చాలదు. అటువంటప్పుడు రన్‌వే వైపు పరుగెత్తకుండా ఒకటి రెండు చుట్లు తిరగడానికి అనుమతి అడగండి. ఒక ఇంజిన్ నిలకడగా పనిచేస్తున్న విమానానికి పది నిమిషాలు ఆలస్యమైతే నష్టమేమీ లేదు. మంట ఆరకపోతే మాత్రం ఈ మాట వర్తించదు, అప్పుడు దగ్గరి పనికొచ్చే రన్‌వేకే నేరుగా వెళ్లాలి.

10. కేబిన్ సిబ్బంది పెద్దను పిలిచి నాలుగు సంగతులు చెప్పండి: ఏం జరిగింది, ఏం చేయబోతున్నాం, ఎంత సమయం ఉంది, ప్రత్యేక సూచనలు ఏమిటి. దీన్ని నిట్స్ అంటారు. చెప్పినదాన్ని ఆ మనిషి చేత తిరిగి చెప్పించుకోండి, పైగా “మీకు అక్కడి నుంచి ఏం కనబడుతోంది?” అని తప్పకుండా అడగండి. కెగ్‌వర్త్‌లో అడగనిది ఈ ప్రశ్నే.

11. దిగడానికి ముందు మిగిలిన పనులు చెక్‌లిస్ట్ చూస్తూ పూర్తిచేయండి: ఏపీయూ (తోకలో ఉండే చిన్న సహాయక ఇంజిన్) వేయడం, టీకాస్‌ను (ఇతర విమానాలు ఢీకొనకుండా హెచ్చరించే పరికరం) హెచ్చరిక మాత్రమే ఇచ్చే టీఏ స్థితికి మార్చడం, ఇంధనం రెండు వైపులా ఎలా ఉందో చూడడం. ఒక వైపు ఇంధనం తగ్గుతోందని వెంటనే క్రాస్‌ఫీడ్ (రెండు వైపుల ఇంధనాన్ని కలిపే కవాటం) తెరవకండి. కారుతున్న వైపుకు మంచి ఇంధనాన్ని పంపినట్టు కావచ్చు. అజోర్స్‌లో దిగిన ఆ విమానం కథలో అది కూడా ఒక అంకం.

టేకాఫ్‌లో అయితే

పై వరుస బాగా వచ్చాకే దీనికి రండి. వీ వన్ అనే పిలుపు వినగానే కెప్టెన్ చేతిని థ్రస్ట్ లివర్ల మీద నుంచి తీసేస్తాడు, ఎందుకంటే ఆ వేగం దాటాక ఇంజిన్ ఆగినా ఆపకూడదు, పైకి లేవాల్సిందే. మీరూ గరిటె మీద నుంచి చేతిని నిజంగానే తీయండి. పనిచేస్తున్న ఇంజిన్ వైపు కాలితో రడ్డర్ (తోక మీది చుక్కాని) పెడల్ తొక్కి ముక్కును నేరుగా ఉంచి, సమయానికి కాస్త నెమ్మదిగా లేపి, సుమారు పన్నెండున్నర డిగ్రీల దగ్గర పట్టి, “పాజిటివ్ క్లైంబ్”, “గేర్ అప్” అనాలి. ఆ తరువాత 400 అడుగులు దాటే వరకు ఎవరూ ఏ స్విచ్ నూ ముట్టకూడదు. మంట గంట మోగుతున్నా సరే, దాన్ని మౌనం చేయడం తప్ప ఇంకేమీ చేయకూడదు. ఆ కొద్ది క్షణాలు ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చోవడం కొత్తవారికి ఎంత కష్టమో వీడియోలో చూస్తే తెలుస్తుంది. 400 దాటాక పైన చెప్పిన ఐదు, ఆరు అంకెల పనులు. గరిష్ఠ టేకాఫ్ థ్రస్ట్‌ను ఒక ఇంజిన్‌తో పది నిమిషాలకు మించి వాడకూడదు కనుక గడియారం అప్పుడే మొదలుపెట్టండి.

ఎక్కువగా జరిగే తప్పులు

“కన్ఫర్మ్” అన్న మాట పాటలా వచ్చేయడం అన్నింటికన్నా పెద్ద తప్పు. నోరు అంటుంది, కళ్లు చెక్‌లిస్ట్ మీదే ఉంటాయి. రెండోది, ఇద్దరూ కలిసి చెక్‌లిస్ట్‌లో మునిగిపోయి విమానాన్ని ఎవరూ చూడకపోవడం. మధ్యలో “ఎవరు నడుపుతున్నారు?” అని మూడో మనిషి అడిగితే వెంటనే ఒక్కరే జవాబు చెప్పాలి, ఇద్దరూ చెప్పినా, ఎవరూ చెప్పకపోయినా మళ్లీ మొదటి నుంచి చేయండి. మూడోది ప్రయాణికులకు చేసే ప్రకటన. “ఒక ఇంజిన్‌లో ఇబ్బంది వచ్చింది, విమానం అదుపులో ఉంది, ముందుజాగ్రత్తగా విశాఖలో దిగుతున్నాం” అంటే చాలు, దానికి మించి వివరిస్తే భయమే పెరుగుతుంది.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

ప్రతి సాధననూ వెనుక నుంచి వీడియో తీసి, ధ్వని ఆపి ఒకసారి చూడండి. మాటలు వినబడనప్పుడు చేతుల తొందర బాగా కనబడుతుంది. చెయ్యి తగిలిన క్షణానికీ కదిలిన క్షణానికీ మధ్య ఎదుటివారి తల అటు తిరిగిందా లేదా అన్నది ఒక్కటే చూడండి. తిరగకపోతే ఆ సాధన తప్పినట్టే, మిగతాదంతా ఎంత బాగున్నా సరే.

తరువాతి పరీక్ష కొంచెం మోసంతో కూడినది. ఐదారు సాధనలకు ఒకసారి, ముందు చెప్పకుండా, చేయి వేసేవారు కావాలని రెండో గరిటె మీద వేసి “థ్రస్ట్ లివర్ వన్, కన్ఫర్మ్?” అని అడగాలి. ఎదుటివారు పట్టుకోవాలి. మా జంట మొదటి నాలుగుసార్లలో మూడుసార్లు పట్టుకోలేకపోయింది. వరుసగా ఐదుసార్లు పట్టుకునే వరకు నేను వారిని కంప్యూటర్ ముందు కూర్చోనివ్వలేదు.

కంప్యూటర్ మీద చేసేటప్పుడు దిశ పది డిగ్రీలకు మించి తప్పకుండా, వేగం లక్ష్యానికి ఐదు నాట్లకన్నా కిందికి పోకుండా చూసుకోండి. ఇవి నేను పెట్టుకునే హద్దులు, మీ శిక్షకుడు ఇంకా బిగించవచ్చు.

జత దొరకనివారు చెక్‌లిస్ట్‌ను తమ గొంతుతో ఫోనులో రికార్డు చేసి, ప్రతి “కన్ఫర్మ్?” తరువాత ఐదు సెకన్ల ఖాళీ వదిలి, దాన్ని వింటూ చేతులు కదపవచ్చు. తప్పు గరిటెను పట్టుకునే పరీక్ష మాత్రం ఆ పద్ధతిలో కుదరదు, అందుకు వారానికి ఒక్కరోజైనా ఎవరినో ఒకరిని కూర్చోబెట్టుకోండి. వారికి విమానాల సంగతి తెలియనక్కరలేదు, అంకెలు చదవడం వస్తే చాలు.

పది సాధనలు అయ్యాక కుర్చీలు మార్చుకోండి. ఎడమ కుర్చీలో ఉన్నప్పుడు గరిటెలు కుడిచేతికి అందుతాయి, కుడి కుర్చీకి మారితే ఎడమచేతికి వస్తాయి. ఒకటో నంబరు గరిటె ఉన్న చోటు మారదు కాని, మొన్నటి దాకా మీకు దగ్గరగా ఉన్నది ఇప్పుడు దూరంగా పోతుంది, రెండోది మీకు దగ్గరగా వస్తుంది. మార్చిన రోజున మొదటి మూడు సాధనల్లో చేయి తప్పు గరిటె మీదికే వెళ్తుంది, కాబట్టి ఆ మూడింటినీ సగం వేగంతో చేయండి.